ఇంజనాయిల్ కూడా ఒక పార్టే

మా మేనల్లుడు కిందటి దసరాకు కారు కొన్నాడు. ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజను, ఎర్ర దారంతో కుట్టిన సీట్లు, వెనక జంట సైలెన్సర్లు. యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. వారంటీ ఇంకా రెండేళ్ల పైన ఉంది. ఒకరోజు వైపర్ బ్లేడ్లు మార్పించడానికి కూకట్‌పల్లిలో మాకు పాతికేళ్లుగా తెలిసిన షెడ్డుకు వెళ్లాడు. మెకానిక్ అలవాటు కొద్దీ బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, దాని కొసన ఉన్న ఆయిల్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూశాడు. "గిది నీళ్ల లెక్కుంది సార్. మన ఎండలకు గిది పనిచెయ్యది. ట్వంటీ ఫిఫ్టీ పోస్తా, లక్ష కిలోమీటర్లు తిరిగినా ఇంజన్ బోరుకు రాదు" అన్నాడు. వాడు అక్కణ్నుంచే నాకు ఫోన్ చేశాడు. "మావయ్యా, పోయించెయ్యనా?"

"ఆగరా" అన్నాను. "ముందు సీటు ఎదురుగా అరలో మాన్యువల్ ఉంటుంది. ఆయిల్ గురించి రాసిన పేజీ ఫోటో తీసి పంపు."

వచ్చిన ఫోటోలో నాలుగే వరుసలున్నాయి. చిక్కదనం 0డబ్ల్యూ-20. నాణ్యత ఏపీఐ ఎస్‌పీ, లేదా ఆ పైది. కంపెనీ సొంత ఆమోదం నంబరు ఒకటి. ఫిల్టరుతో కలిపి ఎంత పడుతుందో ఆ లెక్క. వాడు ఆ పేజీని అంతకుముందు ఒక్కసారి కూడా తెరవలేదు. కారు కొన్నవాళ్లలో చాలామంది తెరవరు. టైర్ల గురించి, టచ్ స్క్రీన్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం గానీ ఆ నాలుగు వరుసల దగ్గరకు వెళ్లం. లూబ్రికేషన్ పాఠం చెప్పి బతికినవాణ్ని కాబట్టి నాకు అది బాధగానే ఉంటుంది.

మెకానిక్ మాటలో మోసం లేదు. ఆయన చేతులు నేర్చుకున్నది అంబాసిడర్ మీద, పాత మారుతీల మీద. ఆ ఇంజన్లలో బేరింగుకూ షాఫ్టుకూ మధ్య సందు ఎక్కువ, అరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అక్కడ 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 పోస్తే చప్పుడు తగ్గేది, పొగ తగ్గేది. ఆయన చూసింది నిజం. అయితే అది ఆ ఇంజన్ల నిజం.

ఇంకా వెనక్కి వెళ్తే మా తాతగారి ఎద్దుబండి. బండి కింద వెదురు గొట్టం ఒకటి వేలాడేది. అందులో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసేవారు. పుల్లతో తీసి ఇరుసుకు పూస్తే కిర్రుమనే బండి నోరు మూసుకునేది. ఆ కందెన చిక్కగా, దాదాపు ముద్దలా ఉండేది. పల్చటి నూనె పోస్తే చుట్టు తిరిగేలోపే కారిపోతుంది. ఎందుకంటే ఇరుసు మెల్లగా తిరుగుతుంది, మీదేమో ధాన్యం బస్తాల బరువు. మెల్లగా తిరిగేదానికి, బరువు మోసేదానికి చిక్కటిది కావాలి. మరి వేగంగా తిరిగేదానికి? అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

1883లో బ్యూచాంప్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తున్నాడు. తిరిగే షాఫ్టు మీద ఇత్తడి బేరింగు, దానిమీద బరువు, షాఫ్టు అడుగుభాగం నూనె తొట్టిలో మునిగి ఉంటుంది. పైనుంచి కూడా నూనె వేద్దామని ఆయన బేరింగు నడినెత్తిన ఒక రంధ్రం వేయించాడు. షాఫ్టు తిప్పగానే నూనె ఆ రంధ్రంలోకి దిగలేదు సరికదా, అందులోంచే పైకి పొంగింది. బిరడా పెట్టి మూశాడు. బిరడా ఎగిరిపోయింది. చెక్క మేకు కొట్టాడు. అదీ బయటికి వచ్చేసింది. అప్పుడు ఆయన అక్కడ పీడనం కొలిచే గేజి బిగించాడు. బేరింగు మీద వేసిన సగటు భారం చదరపు అంగుళానికి నూరు పౌండ్లయితే, గేజి ముల్లు 200 దాటి ఆఖరికి కొట్టుకుంది.

ఇత్తడిని షాఫ్టు మోయడం లేదన్నమాట. మధ్యలో ఉన్న నూనె మోస్తోంది. తిరిగే షాఫ్టు తన ఒంటికి అంటుకున్న నూనెను లాక్కెళ్లి ఇరుకు సందులోకి తోస్తుంది. అక్కడ ఇరుక్కున్న నూనెలో పీడనం పుట్టి రెండు లోహాలనూ విడదీస్తుంది. ఈ లెక్కను 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ సమీకరణంగా రాశాడు. ఇవాళ్టికీ బేరింగు డిజైన్ దానిమీదే నడుస్తోంది. దీన్ని మనం వానాకాలంలో మరో రూపంలో చూస్తాం. నీళ్లు నిలిచిన రోడ్డు మీద కారు వేగంగా వెళ్తే టైరు రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది. అక్కడ ప్రాణాపాయం తెచ్చే పనే ఇంజన్ లోపల ఇంజన్ ప్రాణం కాపాడుతుంది.

ఆ పొర నిలబడటానికి మూడే విషయాలు లెక్కలోకి వస్తాయి: నూనె చిక్కదనం, తిరిగే వేగం, మీది బరువు. చిక్కదనాన్ని వేగంతో హెచ్చవేసి బరువుతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి రాపిడి ఎలా మారుతుందో 1902లో జర్మన్ ఇంజనీరు రిషార్డ్ స్ట్రిబెక్ కొలిచి చూపించాడు. ఆ విలువ మరీ తక్కువైతే లోహం లోహాన్ని తాకుతుంది. కొంచెం పెరిగితే పొర లేచి రాపిడి అట్టడుగుకు పడిపోతుంది. అక్కణ్నుంచి ఇంకా పెరిగితే రాపిడి మళ్లీ పెరుగుతుంది, ఈసారి నూనెను నూనె రాసుకోవడం వల్ల. ఎద్దుబండిలో వేగం దాదాపు సున్నా, కాబట్టి చిక్కదనంతో పూడ్చాలి. కారు ఇంజన్లో వేగమే బోలెడుంది. చిక్కదనం తగ్గించుకోవచ్చు.

ఎంత వేగం? 50 మిల్లీమీటర్ల మందం ఉన్న క్రాంక్‌షాఫ్టు జర్నల్ ఒకటి తీసుకుందాం. నిమిషానికి 6,000 చుట్లంటే సెకనుకు 100. చుట్టుకొలత 157 మిల్లీమీటర్లు. అంటే ఆ ఉపరితలం సెకనుకు దాదాపు 16 మీటర్లు, గంటకు 56 కిలోమీటర్ల పైన పరుగెడుతోంది. దానికీ కదలని బేరింగుకూ మధ్య సందు ఒక్కో పక్క సుమారు 25 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందంలో మూడోవంతు. భారం పడినచోట పొర ఇంకా పలచబడి కొద్ది మైక్రాన్లకు దిగుతుంది. టర్బో షాఫ్టు సంగతి ఇంకా వేరు. చిన్న టర్బోలలో అది నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా వెళ్తుంది. అదీ ఇలాంటి నూనె పొర మీదే తేలుతుంది.

సందు ఎంత ఉండాలో, పంపు ఎంత నూనె తోయాలో, ఏ ఉష్ణోగ్రతలో పొర ఎంత మందం నిలవాలో డిజైన్ చేసేవాడు ఒకేసారి, ఒకదాన్ని చూసి ఇంకొకటి నిర్ణయిస్తాడు. ఆయిల్ చిక్కదనం ఆ లెక్కలోనే ఉంది. బేరింగు కొలత ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అందుకే నా దృష్టిలో ఇంజనాయిల్ ఇంజన్లో పోసేది కాదు, ఇంజన్లో ఒక పార్టు. ద్రవరూపంలో ఉంది, అంతే తేడా. ఇంకో సైజు పిస్టన్ రింగు వెయ్యమని ఎవరూ అడగరు. ఇంకో చిక్కదనం ఆయిల్ పొయ్యమని మాత్రం తేలిగ్గా అనేస్తాం.

ఇక 0డబ్ల్యూ-20 లాంటి పేర్లు. డబ్ల్యూ అంటే వింటర్, శీతకాలం. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ ఇచ్చిన వర్గీకరణ ఇది. ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 15డబ్ల్యూను మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూను మైనస్ 30, 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర. లంబసింగిలో కూడా మనకు ఆ చలి లేదు కాబట్టి ఆ అంకె మనకు ప్రాణావసరం కాదు. కానీ పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పైన క్యామ్‌షాఫ్టు దాకా ఆయిల్ త్వరగా చేరడానికి అది పనికొస్తుంది. వెనక ఉన్న అంకె వేడెక్కిన ఇంజన్ది. నూరు డిగ్రీల దగ్గర 20 గ్రేడు ఆయిల్ చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోకుల లోపు ఉండాలి. 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు. అంటే మా వాడి కారులో మెకానిక్ పోద్దామన్నది కంపెనీ అడిగినదానికి సుమారు రెండింతలు చిక్కనిది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతొకటి ఉంది. 0డబ్ల్యూ-20 చల్లగా ఉన్నప్పుడు పల్చగా, వేడెక్కితే చిక్కగా అవుతుందనుకుంటారు. ఏ ఆయిల్ అయినా వేడెక్కితే పలచబడేదే. డిసెంబరులో సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె ఎండలో పెడితే కరిగి నీళ్లయినట్టే. మల్టీగ్రేడ్ ఆయిల్ చేసేదల్లా ఆ పలచబడటాన్ని నెమ్మది చేయడం. ఇందుకు అందులో పొడవాటి పాలిమర్ గొలుసులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి నూలు ఉండల్లా ముడుచుకుని దారికి అడ్డం లేకుండా ఉంటాయి. వేడెక్కేకొద్దీ విప్పుకుని సాగి ఆయిల్ ప్రవాహానికి అడ్డుపడతాయి. దాంతో ఆయిల్ పలచబడాల్సినంత పలచబడదు.

మరి మన ఎండలు? మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలున్నా, జనవరిలో అరకులో 10 ఉన్నా, వేడెక్కిన ఇంజన్లో కూలెంటును థర్మోస్టాట్ 90 డిగ్రీల చుట్టుపక్కలే పట్టి ఉంచుతుంది. ఆయిల్ కూడా మామూలు రోడ్డు మీద 90 నుంచి 110 మధ్య తిరుగుతుంది. బయటి ఎండ ప్రభావం అసలు లేదనను. ఘాట్ రోడ్డులో ఏసీ వేసుకుని, నిండా మనుషులతో ఎక్కుతుంటే ఆయిల్ వేడి పెరుగుతుంది. కానీ ఆ తేడా మనం ఊహించుకునేంత పెద్దది కాదు, డిజైన్ చేసినవాళ్లు దాన్ని లెక్కలో వేసుకునే ఆ అంకె రాశారు. ఒకే ఇంజన్‌కు కొన్ని దేశాల మాన్యువల్లో ఒక గ్రేడు, మరికొన్ని దేశాల్లో మరో గ్రేడు కనిపించడం ఉంది. అందుకే ఇంటర్నెట్లో దొరికిన అమెరికా మాన్యువల్ కాకుండా, మన కారుతో వచ్చిన పుస్తకమే చూడాలి.

చిక్కటిది పోస్తే నష్టమేమిటన్నది మెకానిక్ న్యాయంగా అడిగిన ప్రశ్న. గేజి మీద ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది కదా, మంచిదే కదా అన్నాడట మా వాడితో. ప్రెషర్ ఎక్కువంటే ఆయిల్ ఎక్కువ వెళ్తోందని కాదు. సన్న గొట్టంలోంచి చిక్కటి పాయసం పోయాలంటే గట్టిగా తొయ్యాలి, అయినా తక్కువే వస్తుంది. పంపు దగ్గర ప్రెషర్ ఒక హద్దు దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని మిగతా ఆయిల్‌ని వెనక్కి పంపేస్తుంది. బేరింగుకు వెళ్లేది తగ్గుతుంది, అక్కడ పుట్టిన వేడిని మోసుకుపోయేది తగ్గుతుంది. పైగా నేటి ఇంజన్లలో ఆయిల్ ఒక్క కందెన పనే చెయ్యదు. వాల్వు టైమింగును ముందుకూ వెనక్కీ జరిపే యంత్రాంగాన్ని నడిపేది ఆయిల్ ప్రెషరే. టైమింగ్ చైను బిగుతు పట్టేదీ అదే. పిస్టన్ల అడుగున సన్నటి ధారగా కొట్టి చల్లబరిచేదీ అదే. చిక్కదనం మారితే ఈ పనులన్నీ కొంచెం కొంచెం ఆలస్యమవుతాయి. టైమింగు సర్దుబాటు తాను ఆశించిన సమయానికి జరగలేదని కంప్యూటర్ చెక్ ఇంజన్ లైటు వెలిగించే సందర్భాలూ ఉన్నాయి.

ఇంతకీ వేళ్ల మధ్య రుద్ది చూస్తే ఏం తెలుస్తుంది? వేళ్ల వేడి 35 డిగ్రీలు, రుద్దే వేగం చాలా తక్కువ. బేరింగులో 100 నుంచి 150 డిగ్రీలు, ఆయిల్ పొరలు ఒకదాని మీద ఒకటి జారే రేటు, అంటే కోత రేటు, సెకనుకు లక్షల్లో. ఆ ఒత్తిడిలో పాలిమర్ గొలుసులు ప్రవాహం దిశగా సాగి వరుసలో పడతాయి. అడ్డం పడటం మానేస్తాయి. ఆయిల్ తాత్కాలికంగా పలచబడుతుంది. అందుకే ఇంకో కొలత పెట్టారు. 150 డిగ్రీల దగ్గర, సెకనుకు పది లక్షల కోత రేటు మీద ఎంత చిక్కదనం నిలిచిందన్నది కొలుస్తారు. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 20 గ్రేడుకు కనీసం 2.6 మిల్లీపాస్కల్ సెకన్లు, 30 గ్రేడుకు కనీసం 2.9 ఉండాలి. స్పోర్టీ కారు ఉన్నవాళ్లు డబ్బా మీద చూడాల్సిన అంకె ఇదే. చిక్కేమిటంటే, ఇది డబ్బా ముందు వైపు రాయరు.

రెండు డబ్బాలూ 5డబ్ల్యూ-30యే అనుకోండి. ఒకదాని హెచ్‌టీహెచ్‌ఎస్ 2.9 దగ్గర ఉండొచ్చు, రెండోదానిది 3.5 పైన ఉండొచ్చు. యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ పెట్టిన సీ3 వర్గం 3.5కు తగ్గకూడదంటుంది, సీ2 వర్గానికి 2.9 చాలు, సీ5 ఇంకా పల్చటిది. యూరోపియన్ ఇంజన్ ఉన్న వేగమైన కారులో, మాన్యువల్ సీ3 అడిగితే, షాపువాడు "అదీ ఫైవ్ థర్టీయే కదా" అని ఇంకోటి ఇచ్చినప్పుడు పోయే తేడా ఇదే. గ్రేడు ఒకటే. బేరింగు దగ్గర నిలిచే పొర ఒకటి కాదు.

చిక్కదనం తర్వాత రసాయనం. చిన్న టర్బో ఇంజన్లు వచ్చాక, పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్మే పద్ధతి వచ్చాక, పాత ఆయిళ్లకు తెలియని ఒక జబ్బు బయటపడింది. తక్కువ ఆర్‌పీఎంలో, ఎక్కువ లోడు మీద, స్పార్కు పడకముందే సిలిండర్లో మంట అంటుకుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఐదో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే క్షణం సరిగ్గా దీనికి అనువైనది. సిలిండరు గోడ మీద ఆయిలూ పెట్రోలూ కలిసిన చుక్క ఒకటి రింగు పైనున్న సందులోంచి పైకి విసిరివేయబడి, నిప్పురవ్వలా పనిచేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. పిస్టన్ పైకి వస్తూండగానే పేలుడు. ఒక్క దెబ్బకే రింగు పట్టిన గాడి విరిగిన ఇంజన్లున్నాయి.

ఆశ్చర్యమేమిటంటే, దీనికి ఆయిల్లోని శుభ్రపరిచే పదార్థం కారణమయింది. కాల్షియం ఆధారిత డిటర్జెంట్లు ఎక్కువ ఉంటే ఈ ముందస్తు మంట ఎక్కువ, కొంత కాల్షియం స్థానంలో మెగ్నీషియం వేస్తే తక్కువ. దశాబ్దాల పాటు ఇంజన్లను శుభ్రంగా ఉంచిన రసాయనం కొత్త ఇంజన్లో అపాయం తెచ్చింది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అదే ఏపీఐ, 2018 మేలో ఎస్ఎన్ ప్లస్ అనే మధ్యంతర ప్రమాణం తెచ్చింది, 2020 మేలో ఎస్‌పీ తెచ్చింది. రెంటిలోనూ ఈ జబ్బుకు ప్రత్యేక ఇంజన్ పరీక్ష ఉంది. 2025 మార్చి నెలాఖరులో ఎస్‌క్యూ కూడా వచ్చింది. కొత్త అక్షరం పాతదాని పనీ చేస్తుంది, పాతది కొత్తదాని పని చెయ్యదు. ఎస్ఎన్ అడిగిన కారులో ఎస్‌పీ పోయొచ్చు. ఎస్‌పీ అడిగిన కారులో షాపు అటక మీద మూడేళ్లుగా ఉన్న ఎస్ఎమ్ డబ్బా, దానిమీద గ్రేడు సరిగ్గానే ఉన్నా, పోయకూడదు.

ఇదే కారణానికి "రేసింగ్" అని పెద్దక్షరాలున్న డబ్బాలంటే నాకు భయం. నిజమైన రేసు ఆయిల్ రేసు కోసం చేస్తారు. జింకు, భాస్వరం ఉన్న అరుగుదల నివారిణి ఎక్కువ వేస్తారు, డిటర్జెంటు తక్కువ వేస్తారు, కొన్ని గంటల తర్వాత తీసి పారేస్తారు. రోజూ ఆఫీసుకు వెళ్లే కారులో ఆ భాస్వరం పొగ వెళ్లే దారిలో ఉన్న క్యాటలిస్టును క్రమంగా పాడుచేస్తుంది. అందుకే ఏపీఐ ఎస్‌పీలో 20, 30 గ్రేడులకు భాస్వరం 0.08 శాతం దాటకూడదన్న పరిమితి ఉంది. డీజిల్ లారీల కోసం చేసిన ఆయిల్‌ని పెట్రోల్ కారులో పోస్తే వచ్చే తంటా కూడా కొంతవరకు ఇదే. "ఫుల్లీ సింథటిక్" అన్న మాట మీద కూడా అంత నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. ముడి చమురును బాగా శుద్ధి చేసి చేసిన ఆయిల్‌ని కూడా సింథటిక్ అనొచ్చని 1999లో అమెరికా ప్రకటనల పర్యవేక్షక సంస్థ తేల్చాక, ఆ మాట నాణ్యత కొలమానంగా పెద్దగా మిగల్లేదు. డబ్బా వెనక చిన్నక్షరాలున్నాయే, అవి చదవాలి.

ఆ చిన్నక్షరాల్లో క్రియ చూడండి. "ఫలానా ప్రమాణానికి తగినది", "ఫలానా కార్లకు సిఫారసు చేస్తున్నాం" అంటే ఆయిల్ కంపెనీ తన మాట తాను చెప్పుకుంటోంది. "ఆమోదం పొందినది" అని, ఫోక్స్‌వ్యాగన్ 504 00 లాంటి, మెర్సిడెస్ 229.5 లాంటి, పోర్షే ఏ40 లాంటి నంబరు రాశారంటే కారు కంపెనీ ఆ ఆయిల్‌ని పరీక్షించి సరేనంది. రెంటికీ చాలా తేడా ఉంది. ఫోక్స్‌వ్యాగన్ 508 00 ఆయిల్‌కు ఆకుపచ్చ రంగు కూడా కలుపుతారు, పొరపాటున ఇంకో ఇంజన్లో పోయకుండా. మా ఇంట్లో నీలిరంగు కలిపిన కిరోసిన్ వాడిన రోజులు గుర్తొస్తాయి నాకది చూస్తే.

పల్చటి ఆయిల్ వెనక మైలేజి రాజకీయం లేదా? ఉంది. దాచాల్సిన అవసరం లేదు. అమెరికాలో కారు కంపెనీల సగటు మైలేజి మీద 1975 నుంచే చట్టముంది, ఆయిల్ పలచబడటం వెనక దాని ఒత్తిడి ఉంది. ఫోర్డ్ ముస్టాంగ్ జీటీ మాన్యువల్లో 5డబ్ల్యూ-20 ఉన్న రోజుల్లోనే, దాదాపు అదే అయిదు లీటర్ల వీ8ను రేస్ ట్రాక్ కోసం సిద్ధం చేసిన బాస్ 302లో 5డబ్ల్యూ-50 పెట్టారు. కార్వెట్ సీ7కు రోడ్డు మీద 5డబ్ల్యూ-30, ట్రాక్ మీదికి వెళ్తే 15డబ్ల్యూ-50 పోసుకుని తిరిగొచ్చాక మార్చమన్నారు. 2019 మోడల్ నుంచి రెంటికీ కలిపి 0డబ్ల్యూ-40 చేశారు. 2025 ఏప్రిల్లో జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల వీ8 ట్రక్కులు, పెద్ద ఎస్‌యూవీలు వెనక్కి పిలిచింది, ఒక్క అమెరికాలోనే దాదాపు ఆరు లక్షలు. క్రాంక్‌షాఫ్టు, కనెక్టింగ్ రాడ్ల తయారీలో లోపం. పరీక్షలో బాగున్న ఇంజన్లకు 0డబ్ల్యూ-20 తీసేసి 0డబ్ల్యూ-40 పోశారు, కొత్త ఆయిల్ మూత బిగించారు, మాన్యువల్‌కు కొత్త కాగితం జోడించారు.

"చూశావా, చిక్కటిదే మంచిదని వాళ్లే ఒప్పుకున్నారు" అన్నాడు మా వాడు ఇది విని. నేనలా చదవను. లోపలి కొలతలు తేడా వచ్చాయి, దానికి తగ్గట్టు ఆయిల్ మార్చారు. ఎవరు మార్చారు? కొలతలు తెలిసినవాళ్లు. కాగితం మీద రాసి మార్చారు. ఆ కాగితమే వారంటీకి ఆధారం.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా అన్నయ్య కూతురు సెలవు రోజున ఇంటి ముందు కారు ఎత్తి తనే ఆయిల్ మారుస్తుంది. అక్కడ ఆమెకు ధైర్యమిచ్చేది 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం. ఫలానా బ్రాండు ఆయిలే వాడాలి, మా దగ్గరే మార్పించాలి అని కంపెనీ షరతు పెట్టకూడదు, ఆయిల్ ఉచితంగా ఇస్తే తప్ప. వారంటీ నిరాకరించాలంటే నష్టం ఆ ఆయిల్ వల్లే జరిగిందని కంపెనీయే చూపించాలి. అయితే ఏ బ్రాండైనా వాడొచ్చంటే ఏ గ్రేడైనా వాడొచ్చని కాదు, అది ఆమెకు బాగా తెలుసు. టయోటా కార్ల మాన్యువల్స్ అనేకంలో 0డబ్ల్యూ-20 సిఫారసు చేస్తూనే, అధిక వేగాల్లో, భారీ లోడు మీద ఇంకాస్త చిక్కటిది మెరుగు కావొచ్చన్న భావం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. అలా పుస్తకమే వెసులుబాటు ఇస్తే నిశ్చింతగా వాడుకోవచ్చు. నేనైతే ట్రాక్ మీదికి వెళ్లే ముందు ఆ వెసులుబాటును తప్పకుండా వాడుకుంటాను. వారంటీ పుస్తకంలో పోటీల వల్ల జరిగిన నష్టానికి బాధ్యత లేదన్న వరుస దాదాపు ప్రతి కంపెనీ రాస్తుంది, అదీ చదువుకునే వెళ్లాలి.

మన దేశంలో అలాంటి విడి చట్టం లేదు గానీ ఒక ఆదేశం ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, బయటి మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేస్తామని గంపగుత్తగా షరతు పెట్టకూడదంది. ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ తీసెయ్యొచ్చంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. వినియోగదారుల కమిషన్ ముందు ఏళ్లు నిలబడే ఓపిక ఎందరికి ఉంటుంది? అందుకని మా వాడికి నేను చెప్పింది ఒకటే. వారంటీ ఉన్నన్నాళ్లు సర్వీసు షోరూంలోనే చేయించు, కానీ కళ్లు మూసుకుని తాళాలు ఇచ్చి రాకు. బిల్లులో "ఇంజనాయిల్, 4 లీటర్లు" అని ఊరుకుంటే ఒప్పుకోకు. గ్రేడు, ఆమోదం నంబరు రాయించు. డ్రమ్ములోంచి పోస్తుంటే డ్రమ్ము మీది పేరు చూడు. మధ్యలో పోసుకోవాల్సి వస్తే సీలు తీయని డబ్బా కొని, మూత తీసేముందు వెనక అక్షరాలు ఫోటో తియ్యి, బిల్లు దాచు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది కూడా మన ఊళ్లో వేరే లెక్క. పదివేల కిలోమీటర్లు విజయవాడ హైవే మీద సగటున 80 వేగంతో తిరిగితే ఇంజన్ 125 గంటలు నడిచింది. అదే కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ట్రాఫిక్‌లో 20 వేగంతో తిరిగితే 500 గంటలు. మీటరు మాత్రం రెండుచోట్లా ఒకే అంకె చూపిస్తుంది. మాన్యువల్లో "తీవ్రమైన పరిస్థితులు" అన్న పట్టిక ఒకటి విడిగా ఉంటుంది. ట్రాఫిక్, దుమ్ము, చిన్న దూరాలు. చదివితే మన రోజువారీ జీవితం వర్ణించినట్టే ఉంటుంది. ఆ పట్టికనే పాటించాలి. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి.

లెవెల్ పదిహేను రోజులకోసారి చూడాలి. బండి చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపాక కాసేపు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచి చూడాలి. తగ్గితే పోసుకుంటాం. పెరిగితే? పెరిగినా మంచిది కాదు. చిన్న దూరాలే తిరిగే టర్బో కారులో కాలని పెట్రోలు ఆయిల్లోకి దిగి లెవెల్ పెంచుతుంది, ఆయిల్‌ని పలచన చేస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన తెలుస్తుంది. నల్లగా ఉందని మాత్రం కంగారు పడొద్దు. మసిని తనలో పట్టి ఉంచడం దాని పని.

ఇవన్నీ మా వాడికి చెప్పిన వారం తర్వాత నేనే ఆ షెడ్డుకు వెళ్లాను. ఫోటోలోని పేజీ మెకానిక్‌కు చూపించి, టవర్ బిరడా కథ చెప్పాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నాడు. "నూనెనే మోస్తది అంటరు. గట్లనే ఉంటది సార్, బేరింగు మెరుగు పోకుంటే మాకు తెలుస్తది" అన్నాడు. కాసేపు ఆ పేజీ వైపు చూసి, తన ఫోన్ తీసి దాన్ని ఫోటో తీసుకున్నాడు. మొన్న కనబడితే ఆ ఫోన్లో ఒక ఫోల్డర్ చూపించాడు. షెడ్డుకు వచ్చిన ప్రతి కొత్త కారు మాన్యువల్లోని ఆయిల్ పేజీ. ఇరవై మూడు ఉన్నాయి. ఒకదానిమీద వేలు పెట్టి, "సార్, గీ బండికి సీ టూ అని రాసిండు, సీ త్రీ పోస్తే నడుస్తదా?" అని అడిగాడు.